తిరుపతి కాపీ

ఆయన పోయిన సంగతి నాకు వాట్సాప్‌లో తెలిసింది. గడియారాల షాపు బాషా పెట్టాడు. మా పాత స్నేహితుల గుంపుకు అతనే పెద్ద. ఆయనతో, నాతో కలిపి పదకొండు మందిమి. ముప్పై ఏళ్ల కిందట తిరుపతిలో ఒక విదేశీ రాక్ బ్యాండు పాటలు పట్టుకుని, ఇంతవరకు వదలనివాళ్లం. బాషా రాసింది ఇది: "మన బ్యాండును తిరుపతికి తెచ్చిన మనిషి ఈ పొద్దున పాకాలలో కన్నుమూసినాడు."

చావు వార్త కింద తప్పులు దిద్దకూడదని నాకు తెలుసు. అందుకే ఆ రోజు దిద్దలేదు. ఇప్పుడు దిద్దుతున్నాను. బ్యాండును తిరుపతికి తెచ్చింది ఆయన కాదు, నేను.

వేలూరులో మా మేనమామకు చిన్న లాడ్జి ఉండేది. ఆసుపత్రి పని మీద వచ్చిన ఒక తెల్లాయన గది ఖాళీ చేస్తూ దిండు కింద ఒక క్యాసెట్ మరిచిపోయాడు. మామకు ఆ పాటలు నచ్చలేదు. "జొరమొచ్చినోడు మూలిగినట్టు ఉండాది. నువ్వు ఇంగ్లీషు సదువుతుండావు గదా, తీసకపో" అని నాకిచ్చాడు. అది ఆ బ్యాండు రెండో ఆల్బమ్. ముదురు నీలం అట్ట మీద ఒక ఖాళీ కుర్చీ. వారం రోజులు మామ ఇంట్లో అదే విని, కాట్పాడిలో పాసింజరు బండెక్కి, దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని తిరుపతికి వచ్చాను. దారిలో పాకాల దగ్గర ఆయన ఎక్కి నా ఎదురుగా కూర్చున్న మాట నిజం. కానీ ఆయన ఎక్కేటప్పటికే క్యాసెట్ నా జేబులో ఉంది. ఈ వరుస ముఖ్యం.

"ఏం క్యాసెట్టప్పా అది?" అన్నాడు.

అప్పటికి మా ఇద్దరికీ ముఖపరిచయం కూడా లేదు. చూపించాను. అందరిలాగా అట్ట వైపు చూడలేదు. క్యాసెట్ బయటికి తీసి, వెలుతురుకు ఎత్తి పట్టి, లోపల టేపు ఎంతవరకు చుట్టుకుని ఉందో చూశాడు.

"ఎవురో రెండో వైపు సగంలో ఆపినారు. ఆడినుంచే ఇందాం" అన్నాడు.

'ఇందాం' అన్నాడు. నేను పిలవలేదు. ఆ సాయంత్రమే కొర్లగుంటలో నేను అద్దెకుండే మిద్దె గదిలో, గోడకు వీపు ఆనించుకుని కూర్చున్నాడు.

ఆయన వినే తీరు చెప్పాలి. కళ్లు మూసుకునేవాడు కాదు, తల ఊపేవాడు కాదు. ఆయన కూనిరాగం తీయగా నేను ఒక్కసారి కూడా వినలేదు. తిరిగే ఫ్యాను వైపు చూస్తూ రెండు వేళ్లు మోకాలి మీద ఆనించి ఉంచేవాడు. పాటలో ఏదైనా మారబోతుందనగా ఆ వేళ్లు లేచేవి. మారిన తర్వాత కాదు, మారబోయే ముందు. మొదటిసారి వింటున్న పాటకు కూడా అంతే. నేను వారం రోజులు విన్న క్యాసెట్ అది. నా వేళ్లు ఎక్కడా లేవలేదు. నా కడుపుమంట అక్కడ మొదలైంది, దాచడం దేనికి.

పాకాలలో ఆయనది ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే షాపు. చెడిపోయిన మోటారును విప్పే ముందు ఒకసారి తిప్పి, చెవి దగ్గర పెట్టుకునేవాడు. "బేరింగు అరిగింది" అనేవాడు. విప్పితే అదే. టీ ఎప్పుడూ సాసరులో పోసుకుని తాగేవాడు, ఎంత పెద్ద హోటలైనా సరే. టేపు వెనక్కి తిప్పాలంటే బటను నొక్కేవాడు కాదు, క్యాసెట్ పంటి చక్రంలో పెన్ను దూర్చి చేత్తో తిప్పేవాడు. "మోటారుకు యాల శ్రమ?" అనేవాడు. ఎవరికైనా క్యాసెట్ ఇస్తే ఊరికే ఇచ్చేవాడు కాదు. వాళ్లను కూర్చోబెట్టి ఒక వైపు పూర్తిగా వినిపించి, అప్పుడు ఇచ్చేవాడు. నా కుర్చీ ఆల్బమ్‌ను అట్లా ఊరంతా పంచాడు. నాలుగు నెలలు తిరగకముందే అది 'పాకాలాయన బ్యాండు' అయింది.

శనివారం సాయంత్రాలు నాలుగుకాళ్ల మండపం దగ్గర ఒక టీ కొట్టు ముందు చేరేవాళ్లం. అక్కడ జరిగిన యుద్ధాలు ఇప్పటివాళ్లకు చెబితే నవ్వుతారు. ఆ బ్యాండు మొత్తం అయిదు ఆల్బములు చేసి విడిపోయింది. ఏది గొప్పదన్నదే యుద్ధం. నాది రెండోది. ఆయనది మూడోది. బాషాది నాలుగోది, అంటే గిటార్లు పక్కన పెట్టి మిషన్లతో తాళం వేయించినది.

"నాలుగోది ఇనని సెవులు సెవులే కాదబ్బా!" అనేవాడు బాషా.

"అది పాటలా? పిండి మిషను" అనేవాణ్ణి నేను.

"పిండి మిషన్ను అనొద్దప్పా" అనేవాడు ఆయన, సాసరు మీద ఊదుతూ. "మా ఊరి పిండి మిషను ఇంతవరకు శ్రుతి తప్పలే."

అందరూ నవ్వేవాళ్లు. బాషా కూడా. ఆయన బాషాను వెనకేసుకొచ్చినట్టా, వెక్కిరించినట్టా? నాకు ఇప్పటికీ తెలియదు. నేను అదే మాట అని ఉంటే బాషా అలిగి వెళ్లిపోయేవాడు.

ఆయన వాదించేవాడు కాదు. అదే ఆయన వాదన. నేను రెండో ఆల్బమ్ గురించి అరగంట సేపు చెబితే చివరిదాకా విని, "నువ్వు సెప్పేది నిజమే. ఇంగోసారి ఇనప్పా" అనేవాడు. అంతే. అందరూ దాన్ని వినయం అనుకున్నారు. నిజమేనంటూనే మనిషిని మొదటికి పంపించడం అది. నేను ఇంటికి పోయి ఇంకోసారి వినేవాణ్ణి. వింటే, ముందు చెప్పినదాంట్లో ఏదో ఒక మూల సడలేది. వచ్చే శనివారం మళ్లీ కొత్త వాదనతో పోవాల్సి వచ్చేది.

ఒకసారి ప్రభావం గురించి మాట వచ్చింది. సినిమా పాటల్లో గిటార్లు ఇట్లా మోగడానికి మన బ్యాండే కారణమని బాషా అన్నాడు. పేర్లతో సహా లెక్క చెప్పాడు. ఆయన అంతా విన్నాడు.

"ప్రభావమంటే ఏం నేర్సుకున్నామని కాదబ్బా. ఇన్నంక ఏం మానేస్తామో అది. నేను సర్చిలో గిటారు వాయిస్తా గదా. ఈళ్లను ఇన్నంక సగం వేళ్లు ఆడించేది మానేసినా. 'ఇప్పుడు బాగుండాదయ్యా, కొత్తగా ఏం నేర్సినావు' అన్నాడు పాస్టరు." అని, నా వైపు తిరిగాడు. "నువ్వేం మానేసినావప్పా?"

పది మంది ముందు అడిగాడు. నేను ఏ వాద్యమూ వాయించనని ఆయనకు తెలుసు. తెలిసి అడిగాడని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడూ అదే అనుకుంటున్నాను.

ఇంకొకటి. ఆ బ్యాండు డ్రమ్మరు ఎప్పుడూ తొందరపడడు, తాళం వేస్తున్నాడా లేదా అన్నట్టు వేస్తాడు. "చిత్తూరు బస్సు కోసం నిలబడుకున్నోడి మాదిరి వాయిస్తాడు" అన్నాను ఒకరోజు, ఆయనతో ఒంటరిగా ఉన్నప్పుడు. రెండు వారాల తర్వాత ఆయన అదే మాట టీ కొట్టు దగ్గర అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాల్సి వచ్చింది. మొన్న సంతాపాల్లో ఇద్దరు ఆ మాటను ఆయన పేరు మీద రాశారు.

ఇక మూడో ఆల్బమ్ సంగతి. నేను ఎవరికీ చెప్పనిది ఇదే.

దాన్ని ఆయన మద్రాసులో ఒక చుట్టం దగ్గర రెండు రోజులకని తెచ్చాడు. ఎర్రటి అట్ట, దాని మీద వాన కారుతున్న అద్దం. మా గుంపులో రెండు అరల టేప్ రికార్డరు నాకొక్కడికే ఉండేది కాబట్టి, అందరికీ కాపీలు తీసే పని నాది. క్యాసెట్ నా చేతిలో పెడుతూ, "కడాకు వచ్చే పాట జాగ్రత్తగా ఇను. అన్నీ ఆగిపోయి గిటారు ఒక్కటే మిగులుతాది" అన్నాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. "ఇది ఇన్నంక మన రెండోది పిల్లకాయల ఆట మాదిరి ఉండాదప్పా" అన్నాడు.

మన రెండోది కాదు, నా రెండోది.

అట్ట లోపల నిడివి అచ్చు వేసి ఉంది. రెండో వైపు ముప్పై మూడు నిమిషాలు. షాపులో అరవై నిమిషాల ఖాళీ టేపులూ ఉన్నాయి, తొంభై నిమిషాలవీ ఉన్నాయి. అరవై టేపులో ఒక వైపుకు ముప్పై నిమిషాలే పడతాయి. నాకు కూడికలు రాక కాదు. పదకొండూ అరవై టేపులే తెచ్చాను. ఆయన ఆల్బమ్‌లో మూడు నిమిషాలు పోతే పోనీ అనుకున్నాను. పాటలు వినకుండానే, వేగంగా తిప్పే బటను నొక్కి కాపీలు తీశాను. తర్వాత చిత్తూరులో నాకు నకళ్లు రాసే ఉద్యోగం వచ్చింది. ఇన్నేళ్లలో ఒక్క వరుస తప్పిపోలేదు, ఒక్క మెమో రాలేదు. తెలిసి తప్పు చేసిన నకలు నా జీవితంలో అదొక్కటే.

ఆదివారం మధ్యాహ్నం అందరూ నా గదిలో చేరారు. అసలు క్యాసెట్ అప్పటికే మద్రాసు బండెక్కింది. నా కాపీ పెట్టాం. చివరి పాట వచ్చింది. గాయకుడు ఒక్క మాటను సాగదీస్తూ పైకి పోతున్నాడు. గిటార్లు కింది నుంచి లేస్తున్నాయి. అక్కడ టక్కున ఆగిపోయింది. టేపు అయిపోయి బటను తనంతట తానే పైకి లేచింది.

 

"అబ్బా!" అన్నాడు బాషా. "ఏం ఆపినాడబ్బా! నిచ్చెన ఎక్కించి లాగేసినాడు!"

అందరూ ఒక్కసారిగా మాట్లాడసాగారు. ఇట్లాంటి ముగింపు ఇంకెవరూ చేయలేరన్నారు. ధైర్యమంటే ఇదీ అన్నారు. ఆ గదిలో పాట పూర్తిగా విన్నది ఆయన ఒక్కడే. సాసరు పెదవుల దగ్గర పెట్టుకుని నా వైపు చూశాడు. నేను చాప వైపు చూశాను. ఇప్పుడు చెబుతాడు అనుకున్నాను. అందరి ముందు, నవ్వుతూ, చెబుతాడు.

సాసరు కింద పెట్టాడు. పెన్ను తీసి, క్యాసెట్‌లో దూర్చి, నిదానంగా వెనక్కి తిప్పాడు.

"ఇంగోసారి ఇనండప్పా" అన్నాడు.

ఆ రోజు మూడుసార్లు విన్నాం. మూడుసార్లూ అక్కడే టక్కుమంది. మూడోసారి ఆ టక్కుకు ముందు ఆయన రెండు వేళ్లు లేచాయి.

అప్పటి నుంచి నా జుట్టు ఆయన చేతిలో ఉండిపోయింది. ఆయన ఒక్కసారి కూడా లాగలేదు. లాగి ఉంటే గొడవపడి తేల్చుకునేవాణ్ణి. లాగని మనిషితో ఏమని గొడవపడాలి? ఆ ముగింపు గురించి మావాళ్లు ఏళ్ల తరబడి చేసిన పాండిత్యమంతా నా కక్ష మీద కట్టిన మిద్దె. అది మా ఇద్దరికే తెలుసు. శనివారం శనివారం ఆయన నా పక్కనే కూర్చుని టీ ఊదుకునేవాడు.

ఫోన్లలో పాటలన్నీ దొరికే రోజులు వచ్చాక బాషాకు అసలు పాట కనబడింది. "ఒరే, మోసపోయినామబ్బా! పాట ఇంకా మూడు నిమిషాలుండాది!" అని గుంపులో పెట్టాడు. ఇక నా పేరు వస్తుందని ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాను. గంట తర్వాత ఆయన రాశాడు: "పూర్తిది ఇన్నా. మన తిరుపతి కాపీనే బాగుండాది." అంతే, ఆ పేరు నిలిచిపోయింది. మావాళ్లు సగం మంది తిరుపతి కాపీ పక్షం, సగం మంది పూర్తి పాట పక్షం అయ్యారు. మళ్లీ యుద్ధం. తిరుపతి కాపీ అన్నప్పుడల్లా ఆయన పేరే. ఆయన కనిపెట్టినట్టు, ఆయన కోసినట్టు!

నా బాధ అర్థమవుతుందనుకుంటాను. అది తప్పుగా ఉన్నన్నాళ్లూ నాది. గొప్పదయ్యాక ఆయనది. నాదని చెప్పుకోవాలంటే తెలిసి చేశానని ఒప్పుకోవాలి.

రెండేళ్ల కిందట తిరుపతిలో బైపాస్ రోడ్డు మీద ఒక కాఫీ షాపులో కాలేజీ పిల్లలు ఆ బ్యాండు గురించి మాట్లాడమని ఆయన్ను పిలిచారు. ఆయనకు ముందు కుర్చీ వేశారు. నేను మూడో వరుసలో కూర్చున్నాను. ఎవరూ వెనక్కి నెట్టలేదు, ముందుకూ పిలవలేదు. మాటల్లో తిరుపతి కాపీ వచ్చింది. ఒక అమ్మాయి లేచి అడిగింది: "సార్, ఇంతకూ ఆ కాపీ చేసిందెవరు?"

ఆయన కళ్లు గదంతా తిరిగి నా దగ్గర ఆగాయి. చెప్పమంటావా అని అడిగినట్టు చూశాడు. ఆ రోజు నేను సిద్ధంగానే ఉన్నాను. కానీ అన్నేళ్ల అలవాటు, తల దానంతట అదే కిందికి వాలింది.

"టేపు చేసిందిమా" అన్నాడు ఆయన. "యాడ ఆపాలో టేపుకు తెలుసు."

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన ఇంకొక్క క్షణం ఆగి ఉంటే నేను తల ఎత్తి ఉండేవాణ్ణి.

అయిపోయాక నా దగ్గరికి వచ్చాడు. "టీ తాగి పోదాం రాప్పా."

"బస్సుకు టైమయింది."

"కోపమా?"

"లేదు."

"ఉంటే మంచిదేలే. రెండో ఆల్బమ్ గురించి ఇంగా కొట్లాడొచ్చు."

నేను నవ్వలేదు. చిత్తూరు బస్సెక్కాను. కిటికీలో నుంచి చూస్తే రోడ్డు అవతల టీ బండి దగ్గర ఒక్కడే నిలబడి సాసరు అడుగుతున్నాడు. వాళ్ల దగ్గర పేపరు కప్పులే తప్ప సాసర్లు లేవు. అదే కడసారి చూడటం.

చావుకు నేను వెళ్లలేదు. ఆ తర్వాతి ఆదివారం పాకాల వెళ్లాను. షాపు షట్టరు సగం దించి ఉంది. లోపల ఫ్యాన్లు, ఒక్కొక్కదానికి పేరు రాసిన కాగితం కట్టి, అట్లాగే ఉన్నాయి. ఆయన భార్యను నేను అంతకు ముందు రెండు మూడు సార్ల కంటే ఎక్కువ చూసింది లేదు. టీ తెచ్చి, చేతికి ఇచ్చేముందు ఒక క్షణం ఆగింది.

"సాసర్లో పోసేదా అన్నా?"

"వద్దుమా. నాకు అలవాటు లేదు."

"నువ్వు సిత్తూరన్నవు గదా? పాట కోసినోడివి?"

కప్పు కింద పెట్టాను.

"నీకెవరు చెప్పినారు?"

"ఆయన సెప్పందే ముద్ద దిగేదా? ఆ పాట పెట్టుకుంటాడు. ఆడికి రాంగానే ఆపేస్తాడు. ఫోన్లో అంతా ఉండాది గదా, ఎందుకు ఆపుతావయ్యా అంటే, 'మా సిత్తూరాయప్ప ఈడ ఆపినాడు. ఇంతకంటే బాగా ఆపేది ఎవురివల్లా కాదు' అంటాడు. కోపంతో కోసినాడంట, నిజమేనా అన్నా?"

నిజమేనన్నాను. కోపమని కూడా ఆయనకు తెలుసు. అన్నేళ్లూ నా గొప్ప ఆయన చెబుతూనే ఉన్నాడు. తన వంటింట్లో, బ్యాండు పేరు కూడా పలకలేని మనిషికి. బాషాకు చెప్పలేదు, ఆ అమ్మాయికి చెప్పలేదు. పాకాల వంటింట్లో చెబితే నాకేం ఒరిగింది?

"డ్రమ్మరు మాట చెప్పేవాడా? చిత్తూరు బస్సు కోసం నిలబడినట్టు వాయిస్తాడని?"

"సెప్పేవాడన్నా. మంచి మాట గదా అది" అంది.

"ఎవరు అన్నారని చెప్పేవాడు?"

ఆలోచించింది. "ఆయనే అన్నాడు గదా?"

సరే. అది మాత్రం నేను వదలను.

తిరుగు బండిలో కిటికీ పక్కన కూర్చుని ఫోన్లో ఆ పాట పెట్టాను. పూర్తి పాటను నేను అంతవరకూ ఎప్పుడూ వినలేదు. ఆ చోటు రాగానే బొటనవేలు పోయి ఆపేసింది. మళ్లీ మొదటి నుంచి పెట్టాను. ఈసారి చెయ్యి తొడ కింద పెట్టుకుని విన్నాను. గాయకుడు ఆగిపోయాడు. డ్రమ్మరు ఆగిపోయాడు. ఆయన చెప్పినట్టే చివరికి గిటారు ఒక్కటే మిగిలింది. ఎవరి కోసమో చూస్తున్నట్టు కాసేపు అదే మోగింది. నా కాపీనే బాగుంది. కానీ ఆయనకు అది నేను చెప్పాల్సిన అవసరం లేకపోయింది, నాకంటే ముందే ఆయనే చెప్పేశాడు.

చిత్తూరు రాకముందే గుంపులో రాశాను. బ్యాండును తిరుపతికి తెచ్చింది నేను. తిరుపతి కాపీ కోసింది నేను, తెలిసే కోశాను. డ్రమ్మరు మాట నాది. రెండో ఆల్బమే గొప్పది. నాలుగు వాక్యాలు, ఒక్కటీ తగ్గించలేదు. ముప్పై ఏళ్ల యుద్ధం మళ్లీ మొదలవుతుందనుకున్నాను. ఒక్కొక్కరికీ చెప్పాల్సిన జవాబులు మనసులో పేర్చుకున్నాను.

తొమ్మిది మంది చూశారు. ఎనిమిది బొటనవేళ్ల బొమ్మలు వచ్చాయి. బాషా మాత్రం మాట రాశాడు: "కరెక్టేనప్పా, రెండోదే."

బాషా, నాలుగో ఆల్బమ్ బాషా! స్టేషనులో దిగి, ప్లాట్‌ఫారం మీదే నిలబడి ఫోను చేశాను.

"నిజంగానే రెండోదంటావా?"

"నువ్వంటుండావు గదప్పా" అన్నాడు. "ఈ వయసులో కొట్లాటలెందుకు? పోనీలే."

పోనీలే అన్నాడు. ముప్పై ఏళ్లలో ఆయన ఒక్కసారి కూడా నాతో పోనీలే అనలేదు.